నాలుగో సాక్షి

అయకూచో కోర్టులో పొద్దుటినుంచీ
సతుర్నీనా అవ్వ నా నోటితో మాట్లాడుతోంది.
ఆమె కెచువాలో ‘నేను’ అంటే
నేను స్పానిష్‌లో ‘నేను’ అనాలి. రూలు అది.
అలా డెబ్బయ్యేళ్లదాన్నయ్యాను,
గని కంపెనీ తాగేసిన ఊట పక్కన
గొర్రెలు కాశాను.

కెచువాకి మేము వేరు, మనం వేరు.
స్పానిష్‌కి రెంటికీ ఒకటే గిన్నె.
అవ్వ ‘మేము’ అన్నప్పుడల్లా
లీమాలో కొన్న నా బూట్ల ముందు
ఒక తలుపు మూసుకుంటోంది.
జడ్జికి ఆ చప్పుడు వినబడదు.
నిజమే, పన్నెండో ఏట
బళ్లో నవ్వుతారని
గేటు దగ్గర మా అమ్మను మాట్లాడొద్దన్నదాన్ని.

భోజనాలయ్యాక కంపెనీ లాయరు అడిగాడు:
‘ఇంతకీ ఆ నీళ్లు ఎవరివి?’
అవ్వ అతన్ని చూడలేదు.
నా వైపు తిరిగి, జడ కొస ముడేసుకుంటూ
‘మనవి’ అంది.

స్పానిష్‌లో చెప్పాను.
టైపిస్టు పొద్దున కొట్టిన మాటే మళ్లీ కొట్టాడు.
కాగితం మీద ఏమీ మారలేదు.
ఏ పక్షమూ లేనిదాన్నని ప్రమాణం చేసిన చెయ్యి
ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

‘ఏమ్మా, ఆగావేం?’ అన్నాడు జడ్జి.
మంచినీళ్లు, అన్నాను.
ఏ భాషలో అడిగానో
ఆయన మొహం చూశాకే తెలిసింది.