మూడో గ్లాసు

తాళ్ళరేవు దాటి కోరంగి వైపు,
మడచెట్లు మొదలయ్యే చోట
మెరక మీద అయిదిళ్ళు. చీనా మెరక.
ఇప్పుడక్కడ ఐసు డిపో, రీఛార్జి కొట్టు,
రోజంతా నీళ్ళు కారే రొయ్యల ట్రేలు.
ఆ పేరు పోస్టుమాన్‌కి కూడా తెలీదు.
నాకు తెలుసు. మా టీకొట్టు అక్కడే.

నా చిన్నప్పటికి ఒక్క చీనావాడే మిగిలాడు,
పడవల నెర్రెల్లో నారా గుగ్గిలమూ కూరే ముసలాయన.
మంచం కింద కత్తి ఉందనేవాళ్ళం.
కోడినెత్తురు తాగి ఒట్టేసిన ముఠావాడనీ,
రంగంలో మనుషుల్ని మాయం చేశాడనీ
బడి నుంచి వస్తూ ఒకళ్ళనొకళ్ళం బెదిరించుకునేవాళ్ళం.

పోటు తిరిగే వేళకి వచ్చి బల్ల మీద కూచునేవాడు.
మా మామ్మ నూకరత్నం మూడు గ్లాసులు పెట్టేది.
రెండిట్లో టీ. మూడోది బోర్లించి.
ఆయన మూడు వేళ్ళతో ఆ బోర్లించినదాన్ని
తన వైపుకి బెత్తెడు జరుపుకునేవాడు.
అప్పుడు తాగేవాళ్ళిద్దరూ. మాటుండేది కాదు.
అరువు పుస్తకంలో ఊరందరికీ పేజీ ఉంది,
ఆయనకి లేదు.
అడిగితే "నీకెందుకురా, గ్లాసులు కడుగు" అనేది.

అరవై రెండులో, నేనింకా పుట్టకముందు,
కాకినాడ నుంచి జీపొచ్చిందట.
"ఇక్కడ చైనావాడెవడు?"
పాలు పొంగిపోతున్నా మామ్మ వాటి వైపు చూళ్ళేదట.
"చీనయ్య కాదండి బాబూ, శీనయ్యండి.
మా ఆయనకి తమ్ముడి వరస.
కళ్ళా? ఆయ్, పుట్టుకతోనే అంతండి."
చేపలు ఎండేస్తున్న గంటాలమ్మ తలూపింది.
తాళ్ళు పేనే కాసింబీ తలూపింది.
వడ్రంగి సూరాచారి, జన్మలో అబద్ధమాడనివాడు,
బాడిసె పదును చూసుకుంటూ
"అవునండి, శీనయ్యే" అన్నాడు.
ఆ ఏటి నుంచి ఓటర్ల జాబితాలో ఆయన శీనయ్య.

మొన్న రోడ్డు వెడల్పులో ఆయన పాక కూల్చారు.
దూలం సందున కిరసనాయిలు డబ్బా,
డబ్బాలో తారుగుడ్డ చుట్ట, లోపల పట్టుగుడ్డ మీద
చీమలు ఆగి ఆగి నడిచినట్టు అక్షరాలు.
కత్తి లేదు.

మేత ఫ్యాక్టరీలో మిషను బిగించడానికొచ్చిన
చైనా కుర్రాడికి చూపించాను.
ఫోనులో మాటలు మార్చి మార్చి చెప్పాడు.
రంగూను చీనావీధిలో, ఓ మేడ మీద, ఏదో సంఘం.
చందా నెలకి ముప్పావలా. ఒట్టు మాత్రం ఒకటే:
ఎవడెక్కడ పోయినా వాడి ఎముకలు
బతికున్నవాడు వాడి ఊరు చేర్చాలి.
పేర్లు చదవమన్నాను.
వేలు జరుపుకుంటూ పోయి చివరి పేరు దగ్గర ఆగాడు.
ఇది మా పేరులా లేదన్నాడు.
"లో... వా... లా... చు."
మళ్ళీ అన్నాడు.
కెటిల్ నా చేతిలో ఉంది, పొయ్యి మీద పెట్టాలని తోచలేదు.

లోవరాజు. మా తాత.
రంగంలో బియ్యం మిల్లు కూలీ.
బాంబులు పడ్డాక నడకదారిలో కొండల్లో పోయాడనీ,
ఎవరో పాలడబ్బాలో ఎముకలు తెచ్చిచ్చారనీ,
మామ్మ వాటిని గోదారి మొగలో కలిపిందనీ విన్నాం.
ఆ "ఎవరో" అన్న మాటని
ఇన్నేళ్ళూ మేమెవరం మూత తీసి చూడలేదు.

ఇరవై రెండేళ్ళవాడట అప్పటికి.
మన భాషలో ఒక్క ముక్క రాదు.
"కోరంగి, కోరంగి" అనుకుంటూ వచ్చి ఉంటాడు,
చంకలో డబ్బా, కాళ్ళకి చింకి గోనె.

తొంభై ఆరు తుపానుకి ఆయన గోరీ మొగలోకి జారిపోయింది.
గుడ్డ మీద ఆయన ఊరి పేరూ ఉంది గానీ
తడిసి ఓ అక్షరం చెదిరింది.
కుర్రాడు రెండు రకాలుగా చదివాడు. ఏదో తేలలేదు.

ఇవాళ పోటు తిరిగే వేళకి మూడు గ్లాసులు పెట్టాను.
రెండిట్లో టీ.
"మూడోది ఎవరికండీ?" అన్నాడు ఐసు లారీ డ్రైవరు.
"ఎవరికీ కాదండి," అన్నాను,
"కడిగి ఆరబెట్టాను."