పదకొండో కార్జం

ఐదు గ్రాములు తూచి, పింగాణీ మూసలో పెట్టి
రాత్రంతా కొలిమిలో వదిలేస్తే
తెల్లారేసరికి మిగిలేది చిటికెడు బూడిద.
నుదుట పెట్టుకోడానికీ చాలదు.

అందులోనే అంతా ఉందంటాడు మా సారు,
ఇనుము, జింకు, రాగి, సెలీనియం.
యాసిడ్‌లో కరిగించి మంటకి చూపిస్తే
మిషను ఒక్కోదాని గుట్టూ చెబుతుంది,
మా అమ్మమ్మ బుట్ట ముందు పెట్టుకుని
సత్యనారాయణపురం అరుగుల మీద ఎరుక చెప్పినట్టే.
కాకపోతే దీనికి చేటలో బియ్యం పొయ్యక్కర్లేదు,
కరెంటుంటే చాలు.

తెల్ల యార్క్‌షైర్లు ముప్ఫై.
సిమెంటు మీద పుట్టి, సిమెంటు మీద పెరిగి
మొక్కజొన్న, సోయా, ఖనిజాల పొడి
కొలిచి పెడితే కొలిచినట్టు తిన్నవి.
సెలీనియం సంచీ మీద అచ్చేసినట్టే వచ్చింది.
కండ మాత్రం పాలిపోయింది,
ఇంటరు హాస్టలు పిల్లల మొహాల్లా.

నాటువి పన్నెండే.
బుడమేరు గట్టు తవ్వుకు తిన్నవి.
పొడుగు ముట్టె, నిక్కిన బొచ్చు,
కోస్తే నేరేడుపండు రంగు.
జాతి వల్లా? మేత వల్లా?
ఫారంలో రెండే గళ్ళు.

పదకొండోదాని కార్జంలో ఇనుము
పక్కవాటికి రెట్టింపు.
"గాజుసామాను సరిగ్గా కడగలేదు నువ్వు."
కడిగాను సార్. మూడుసార్లు.
మళ్ళీ కాల్చాను. అదే అంకె.

ఎడమ చెవి చిరిగిన ఆ పంది
మా అమ్మదని సారుకి చెప్పలేదు.
నాకు డ్రమ్ము మీదే అనుమానం.
గాంధీనగర్ హోటళ్ళ ఎంగిలి
రెండో ఆట వదిలాక రిక్షా మీద తెచ్చే డ్రమ్ము,
అడుగంతా తుప్పు.
నా యాసిడ్ ఇక్కడ చేసే పని
పులిసిన సాంబారు అక్కడ చేస్తుంది కదా.
ఇంత తెలివికి నేనే మురిసిపోయి
ఫోను చేశాను.

"ఆ డ్రమ్మా? ఎప్పుడో పాతిన్పకొట్టోడికి ఇచ్చేశా.
ఇప్పుడు నీలం ప్లాస్టిక్‌ది."

కాసేపు పందుల గుర్రుమాట.
తర్వాత గొంతు తగ్గించి,
"పెద్దాసుపత్రిలో ఇచ్చిన ఎర్ర బిళ్ళలు...
మింగితే కడుపులో తిప్పుతుందే.
పారేస్తే పాపం కదా,
కుడితిలో ఏసేదాన్ని."

ఎన్నాళ్ళ నుంచి?
"నీ ఉద్యోగం ముందు నుంచీ."

మా నాంచారమ్మకి రక్తం ఏడు.
కార్జం తినమని డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ
నా పర్సులోనే ఉంది.
కార్జం మూసలో ఉంది.

సారు ఫారం నా ముందుకు తోశాడు.
'మేత' గడిలో హోటలు ఎంగిలి అని రాసి
కామా పెట్టాను.
కామా దగ్గర పెన్ను ఆగిపోయి
సిరా
కాగితం అవతలికి దిగింది.