గ్రీమ్స్‌పేట గోడౌను

ఖర్చు తగ్గించమని మెమో వచ్చింది.
ఒక్క మెమో, ఏడు కాపీలు,
అన్నీ ఒకవైపే అచ్చు.

సెక్షన్లో అందరికంటే చిన్నదాన్ని,
పొదుపు నా నెత్తిన పడింది.
ఫ్యాన్లు లెక్కపెట్టినాను, టీ బిల్లులు తిరగేసినాను,
గుండుసూదులు కూడా అడిగినారు, రాసిచ్చినాను.
ఆఖర్న అద్దెల రిజిస్టరు తెరిస్తే
నూట నాలుగో పేజీలో
గ్రీమ్స్‌పేట గోడౌను,
నెలకు ఆరువేల రెండొందలు, పదకొండేళ్లుగా.
ఎందుకని అడిగినవాళ్లు లేరు.
చెక్కు మాత్రం ఒక్క నెలా ఆలస్యం కాలేదు,
ఏ ముసలమ్మ పింఛనుకూ లేని నియమం.

తాళం తీసింది వాచ్‌మన్ దొరస్వామి.
లోపల నలభైమూడు కుర్చీలు,
వైరు తెగినవి, కాలు విరిగినవి,
ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చుని
ఎవరో పేరు పిలుస్తారని చూస్తున్నట్టు.

స్టాకు బుక్కులో కుర్చీ నాలుగొందల యాభై.
నమ్మకం కుదరక చేత్తో మళ్లీ గుణించినాను.
పంతొమ్మిది వేల చిల్లర విరిగిన కొయ్యను
వానకు తడవకుండా దాచడానికి
ఎనిమిది లక్షల పద్దెనిమిది వేల నాలుగు వందలు.

నోటు పెట్టినాను.
జూన్ నెల గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
తోతాపురి లారీల మాదిరి నిలబడింది ఫైలు.
లారీలో కాయ కారిపోతుందని రైతు అరుస్తాడు.
ఫైలు కారదు, వాసన కొట్టదు,
అదే దాని అదృష్టం.

తొమ్మిది సంతకాలు మోసుకొని తిరిగొచ్చింది:
వాచ్‌మన్ను తొలగించవచ్చును.
గోడౌను విషయం పరిశీలనలో ఉన్నది.

కాయితం దొరస్వామి చేతికిచ్చేటప్పుడు
నేను గోడ మీది క్యాలెండరు చూసినాను.
"ఇంకా పదిహేన్రోజులుండాది కదా మేడమ్,
ఊరికే కూసోని ఏం జేసేది?" అన్నాడు.
బజారుకు పోయి వైరు తెచ్చినాడు.
పన్నెండు కుర్చీల ఎముకలు పీకి
ముప్పయ్యొకటికి అతికించినాడు.
రెండు ఆటోలు, నాలుగు తిరుగుళ్లు,
అన్నీ పింఛను కౌంటరు వరండా చేరినాయి.
ఖాళీ గోడౌను తాళంచెవి
ఓనరు తనే వచ్చి అడిగి తీసుకున్నాడు.

ఆ నెలాఖరుకు
ఆదా అయింది అద్దె.
ఆదా అయినాడు దొరస్వామి కూడా.

ఇప్పుడు ఆడిట్ వాళ్లు అడుగుతున్నారు:
పదకొండువందల ఎనభై రూపాయల వైరుకు
మూడు కొటేషన్లు ఎందుకు పిలవలేదు?
జవాబు చిత్తుప్రతి రాస్తున్నాను,
ఖర్చు తగ్గించమన్న మెమో
వెనకవైపు ఖాళీగానే ఉంది కదా.

కిటికీ అవతల, పచ్చ వైరు కుర్చీలో,
యాదమరి నుంచి పొద్దున్నే వచ్చిన చెంగమ్మ.
వేలిముద్ర పడలేదని ఇది మూడోసారి.
చేతులు చీరకు తుడుచుకొని, మళ్లీ తుడుచుకొని,
నన్ను చూసి నవ్వుతుంది:

"కూసోను కుర్చీ ఏసినారు, శానా సంతోసం తల్లీ.
లేపి పంపించేది ఎప్పుడు?"