తెలావిలో శనివారం

బ్యాగు దించు బేసో, మూత మాత్రం అప్పుడే తియ్యకు.
ముందు ఈ ఇంట్లోకి వెలుగు ఏ కిటికీలోంచి వస్తుందో చూడు.
పదకొండింటికి పెళ్లికూతురి గదిలో ఉంటుంది,
ఒంటిగంటకు వంటింట్లో.
మనం పిలిస్తే అది రాదు,
అది ఎక్కడికి పోతే అక్కడికి మనమే వెళ్లాలి.

పొద్దున పెళ్లికొడుకు పెదనాన్న అంజోర్ అడిగాడు:
"మొత్తం ఎన్ని ఫొటోలు? పక్కవీధి పెళ్లికి రెండువేలు ఇచ్చారట."
మూడువందలు, అన్నాను.
"అంటే ఒక్కోటి ఎంత పడుతున్నట్టు?" అని వేళ్లమీద లెక్కేశాడు.
ఆ వేళ్లను తీశాను.
ద్రాక్షకోతల నెల కదా, గోళ్లలోపలి దాకా ఊదా మరక.
ఈ పెళ్లిలో సగం చేతులు అలాగే ఉంటాయి.
రేపు కంప్యూటరు ముందు కూర్చుని ఆ మరకలు తుడిచావో,
నీకూ నాకూ చెల్లు.

నవ్వమని ఎవర్నీ అడగకు.
అడిగితే పళ్లు వస్తాయి, నవ్వు రాదు.
చర్చిలో ఫ్లాష్ వద్దు, కొవ్వొత్తులు చాలు.
తలలమీద కిరీటాలు పెట్టి ఫాదరు ఆ ఇద్దరినీ మూడు చుట్లు తిప్పేటప్పుడు
అందరి ఫోన్లూ పైకి లేస్తాయి.
అప్పుడు నువ్వు వెనక్కి తిరుగు.
కిరీటాలు ప్రతి పెళ్లికీ అవే, చర్చి బీరువాలోవి.
వాటిని చూస్తున్న మొహాలు ఈ ఒక్క శనివారానివే.

మూడో వరసలో, చివర, థేకలా నాన్న ఉంటాడు.
భార్యతో విడిపోయినవాడు.
పిలుపు వెళ్లింది గానీ ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు.
గుంపు ఫొటోలోకి రాడు. బలవంతపెట్టకు.
హాల్లో బీరువాకు అద్దం ఉంది, రాగానే చూసిపెట్టుకున్నాను.
అందరూ సర్దుకున్నాక నేను అరడుగు ఎడమకు జరుగుతాను.
గుమ్మం దగ్గర కోటు గుండీ తిప్పుకుంటూ నిలబడ్డ మనిషి
అద్దంలో వేలెడంత పడతాడు.
ఎవరికీ చెప్పను.
పదేళ్లకో ఎప్పటికో ఆ పిల్ల చూస్తుంది.
చూడకపోయినా సరే.

నా పెళ్లి ఫొటోలు చూపించమని ఎన్నాళ్లుగానో అడుగుతున్నావు.
తొంభైమూడు, డిసెంబరు.
కరెంటు లేదు. రొట్టె కోసం చీకటితోనే లైను.
నేను తొడుక్కున్న గౌను అక్కది, లోపల రెండు స్వెటర్లు.
ఫొటోగ్రాఫర్ వాజా వచ్చాడు.
గడ్డం కాస్త ఎత్తమన్నాడు.
జుజునా బామ్మ తలగుడ్డ తనే సర్దాడు.
మా ఆయన కాలర్ మీది దూదిపోగు తీసి జేబులో వేసుకున్నాడు.
ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి,
టక్.
ముప్ఫయ్యారు సార్లు. లెక్కపెట్టాను.

మార్చిలో ఫొటోలకని వెళితే
లోపలికి రమ్మనలేదు, గుమ్మంలోనే నిలబడిపోయాడు.
"రీలు లేదమ్మా. ఊళ్లో ఎక్కడా దొరకలేదు.
రాలేనని చెప్పడానికి నోరు రాలేదు."

తిట్టాను. మూడేళ్లు మాట్లాడలేదు.
మా చెల్లెలికి మంచి ఆల్బమ్ ఉంది.
దాని పెళ్లి గురించి అడిగితే దానికి ఆల్బమే గుర్తొస్తుంది.
నాకు ఆ ముప్ఫయ్యారూ వరసగా వస్తాయి.
పదిహేడు, మా అత్తగారు కొవ్వొత్తి సెగకు వేళ్లు కాచుకుంటోంది.
ఇరవైతొమ్మిది, మా ఆయన తుమ్ము.
క్షమించానని కాదు. వాజా పోయాడు, నాకింకా కోపమే.
ఒక్క కాగితం ముక్కైనా ఉండొచ్చు కదా.
అయినా మనిషి వైపు అలా చూడటం
అతని దగ్గరే నేర్చుకున్నాను,
చేతిలో రీలు లేనట్టు.

సరే, మూత తియ్యి.
ద్రాక్షతోట వైపు కారు హారన్లు వినపడుతున్నాయి.
బ్యాటరీలు రెండూ నిండాయా?
కార్డు పెట్టావా?
తెరిచి చూడు.
మళ్లీ చూడు.