కాటా చీటీ

ఉత్తర్వు నా సంచిలో ఉంది. మూడు పేజీలు, గుండ్రటి ముద్ర.
కంపెనీకి సంబంధించిన ఏ కాగితమైనా
ఎవరి దగ్గరున్నా
లిక్విడేటరు అడిగితే ఇచ్చితీరాలని.
ఎవరి దగ్గరున్నా అన్న ఆ ముక్క పట్టుకుని
ఏప్రిల్ ఎండలో మాధవరం దాకా వచ్చాను.

డైరెక్టర్ల దగ్గర ఏమీ లేదు.
పుస్తకాలన్నీ వరదలో పోయాయన్నాడు పెద్దాయన.
రెండో అంతస్తు మెట్లెక్కిన వరద అది.
ఆడిటరు తనకు రావలసిన ఫీజెంతో చెప్పి
ఫైళ్ళ మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు.
బ్యాంకు, పదకొండు ఉత్తరాల తర్వాత,
ఒక స్టేట్‌మెంటు పంపింది
పక్క కంపెనీది.

చచ్చిన బర్రెకి పాలెక్కువ.
ఈ రాగితీగల కంపెనీ పోయేనాటికి
గోడౌన్లో అరవై టన్నుల సరుకుందట, కాగితం మీద.
నేను తాళం పగలగొట్టించిన రోజు
ఒక ప్లాస్టిక్ కుర్చీ,
దాని కింద నాలుగు పిల్లికూనలు.

రాగి నడిచిపోదు. లారీ ఎక్కుతుంది.
లారీ ఎక్కిందంటే
ఎక్కడో ఒకచోట తూగే ఉంటుంది.

లోకయ్య కాటా దగ్గర నీడ లేదు.
సిమెంటు లారీ ఇనపపలక ఎక్కినప్పుడల్లా
గది కిటికీ అద్దం వణుకుతుంది.
ఉత్తర్వుని ఆయన చదవలేదు,
అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు.
"ఏం అమ్మణ్ణీ, వాళ్ళు నాకియ్యాల్సిన పద్దెనిమిది వేలు
ఇందులో ఉండాదా?"

లేదు. మీరు క్లెయిము వేసుకోవాలి.
ముందు నా ఖర్చులు, తర్వాత పనివాళ్ళు, బ్యాంకులు,
సర్కారు, ఆ తర్వాత మీరు.
"కడబంతి" అన్నాడు. నవ్వలేదు.
బాకీ ఉందని కాగితాలు అట్టిపెట్టుకోకూడదని కూడా చెప్పాను.
నా గొంతు నాకే
కోర్టు అమీనా గొంతులా వినబడింది.

అటక మీంచి బిస్కెట్ల డబ్బా దించాడు.
దారం కట్టిన చీటీల కట్టలు.
ఒకటి తీశాను. తెలుపు.
ఇంకొకటి. తెలుపు.
వేడితో అచ్చయిన అంకెలు
మద్రాసు వేడికే ఎగిరిపోయాయి.
మూడు పేజీల ఉత్తర్వుకి
మూడు వందల తెల్లచీటీల జవాబు.

చాలాసేపు నన్ను చూశాడు.
బల్లకింద సొరుగు లాగి
పొడుగాటి నోటుపుస్తకం తీశాడు.
"మిషన్ను నేను నమ్మను."

పెన్సిలు రాత.
ఖాళీ లారీ ఇంత, నిండు లారీ ఇంత, తేడా ఇంత.
మార్చి పదిహేడు, రాత్రి రెండూ పది.
పంతొమ్మిది, రెండూ నలభై.
ఇరవై మూడున ఒక్క రాత్రే నాలుగు లారీలు.
కూడితే అరవై టన్నులు కాదు, యాభై ఎనిమిదీ చిల్లర.
ఆ చిల్లర కూడా రాశాడు.

ఈ పుస్తకం ఆయనది.
ఉత్తర్వు రాసినవాళ్ళకి ఇదొకటుందని తెలీదు.
అదే పేజీలో కుడిపక్క నిలువుగీత దాటితే
మనవరాలి జ్వరం, నూట మూడు.
చీటీపాట పోయిన తేదీ.
కుప్పాయికి రెండు వేలు,
పక్కనే "అడగరాదు" అని.

ఫోను తీసి ఫోటోకి వంగాను.
ఆయన అరచెయ్యి వచ్చి
కుడిపక్క మీద పడుకుంది.
గ్రీజు ఇంకిన గోళ్ళు.
"మీక్కావాల్సింది రాగి కదా."

అవును. రాగే.
పేజీ తిప్పుతాడు, చెయ్యి జరుపుతాడు.
పదకొండు పేజీలు.
పదకొండు ఫోటోల్లోనూ ఆ చెయ్యి ఉంది.

ట్రిబ్యునల్లో పెద్దాయన వకీలు తప్పకుండా అడుగుతాడు,
ఆ చేతికింద ఏముందని.
చూడలేదంటాను.

రసీదు కావాలన్నాడు. రాసి ముద్ర వేశాను.
నేను చెప్పులేసుకుంటుంటే
గోడగడియారం చూసి, పెన్సిలు నాలికకి అద్ది
పుస్తకంలో నన్నూ రాసుకున్నాడు.
గీతకి ఏ పక్కనో
కనబడనివ్వలేదు.