పై అంచు

తరమణిలో మూడో అంతస్తు. కిటికీ అవతల
ఎలక్ట్రిక్ రైలు సగం ఖాళీగా వేళచ్చేరి వైపు పోతోంది.
తెర మీద ఆరు బావులు.

రెండు అడ్డవరసలు, మూడు నిలువులు అని ఒక్క ముక్క రాస్తే
సాఫ్ట్‌వేర్ కాగితాన్ని ఇడ్లీ రేకులా
ఆరు గుంటలు చేసి పెట్టింది.
ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పకపోతే
ఇంగ్లీషు అక్షరాల వరసలో నింపేస్తుంది.
ఉత్తరం పైన, దక్షిణం కింద, సముద్రం కుడిచేతి పక్క
అని చెప్పాల్సింది. చెప్పలేదు.
బీసెంట్‌నగర్ మొదటి గడికెక్కి
సముద్రాన్ని ఎడమచేతికి తెచ్చింది.
రాయపురం పక్కన పళ్ళిక్కరణై వచ్చి కూర్చుంది,
పెళ్ళి బంతిలో ఎవరికీ తెలియని చుట్టంలా.

అంతకుముందు ఒక తప్పు చేశాను.
నీళ్ళ లోతు చెప్పే అంకె
నీళ్ళు తగ్గేకొద్దీ పెరుగుతుంది.
అక్షాన్ని తలకిందులు చెయ్యడం మరిచాను.
ఎండాకాలమంతా కొడుంగైయూరు గీత
పైకి, పైపైకి, లాభాల్లో ఉన్న కంపెనీలా ఎక్కింది.
కోదైనాయకి మేడం "భలే" అనబోయి
నోరు తెరిచి ఆగింది.

తర్వాత కొలబద్ద గొడవ.
ఎవరిది వాళ్ళకిస్తే
బీసెంట్‌నగర్‌లో జానెడు తగ్గినా లోయే.
అందరికీ ఒకటే ఇస్తే
ఆ గీత మధ్యాహ్నపు పిల్లిలా సాగి పడుకుంటుంది.
రెండూ నిజమే.
ఒకటే ఉంచాను. పిల్లిని లేపలేదు.

ఇక పేర్లు.
ఒక్కో బొమ్మకి సులువే, పేట పేరు రాస్తే సరి.
ఆరింటికీ కలిపి ఒకటి పెట్టబోతే
అది పోయి పై వరస నెత్తిన పడింది.
"చెన్నై భూగర్భ జలమట్టం" కింద
మాధవరం నలిగి సగమే కనపడుతోంది.
అందరిదీ అయిన మాటకి
ఏ ఒక్కరి గడిలోనూ చోటుండదు.
బయట, కాగితం పై అంచున
బొమ్మలు గీయకముందే మూడు వరసలు వదిలిపెట్టాలి.
వదిలాను.

నాలుగున్నరకి యేసుపాదం వచ్చాడు,
పులియాంతోపు మనిషి. పదిహేను రోజులకోసారి
ఆరు బావుల మూతలెత్తి టేపు దించేది అతనే.
బస్సు టికెట్ల కవరు ఇస్తూ తెర వైపు వంగాడు.
"నా బావులా ఇయ్యి?"
సైజు మార్చడానికి అప్పుడే పేర్లన్నీ తీసేసి ఉన్నాను.
పేరులేని ఆరు గీతలు.
వేలు పెట్టాడు. అద్దం మీద మరక పడింది.
"ఇది రాయపురం. వానొచ్చినా ఉప్పే.
ఇది మాధవరం. ఇక్కడ గుంట చూడమ్మా,
ఆ వారం పక్క అపార్టుమెంటోళ్ళు
రాత్రీ పగలూ మోటారు ఏశారు."
ఒక్కటీ తప్పలేదు.

కొడుంగైయూరు దగ్గర వేలు ఆగింది.
మే నుంచి ఆగస్టు దాకా
పన్నెండు మీటర్ల దగ్గర తిన్నటి గీత.
"అక్కడ నిలకడగా ఉంది కదా" అన్నాను.
రిపోర్టులో ఆ మాట రాసేశాను కూడా.
"నీళ్ళు కాదమ్మా అది. నా టేపు.
పన్నెండే మీటర్లు. అయిపోయింది.
తగల్లేదని రాస్తే, గడి ఖాళీగా ఉంచొద్దన్నారు."

ఇంకో రైలు పోయింది.
అతను టీకి కిందికి దిగాడు.

ఆ నాలుగు నెలల గీతని చుక్కలుగా తెంపాను.
రిపోర్టులో నిలకడని కొట్టేశాను.
ఉమ్మడి పేరు కింద చిన్న అక్షరాల్లో
ఇంకో వాక్యం చేర్చాను:
"పన్నెండు మీటర్ల కింద ఏముందో ఈ టేపుకి తెలియదు."
మళ్ళీ నడిపించాను.
ఆ వాక్యం దిగొచ్చి
మళ్ళీ మాధవరం నెత్తినే కూర్చుంది.

పై అంచుకి మూడు వరసలు చాలవు.
నాలుగు చేశాను.