ఏమీ రాయరాదు

ఎర్రగుంట్ల దాటినాక రోడ్డుకు రెండు పక్కలా
అమ్ముడుపోని తలుపుల్లా నిలబెట్టిన నల్లబండలు.
వాటి నడుమ నాదొక రేకుల షెడ్డు.
సమాధులకు పేర్లు, శంకుస్థాపనలకు హోదాలు,
పొలం గట్లకు సర్వే నంబర్లు.
అక్షరానికి పన్నెండు రూపాయలు.
గుణింతానికి వేరే లెక్క లేదు. చుక్క ఉచితం.

మొన్న హెడ్మాస్టరు ఓబుళయ్య సారు
బడి వాకిట్లో కూర్చునే బండను
ట్రాక్టరు మీద తెచ్చి దించినాడు.
పిల్లోళ్లు దాని మీద బొగ్గుతో బూతులు రాస్తాండారంట.
"ఈ రాతి మీద ఏమీ రాయరాదు.
ఇంతే చెక్కు" అన్నాడు.
వేళ్ల మీద లెక్కబెట్టి, పదకొండని తేల్చి,
నూట ముప్పైరెండు చేతిలో పెట్టి పోయినాడు.

బూతులు కడిగి ఉలి పట్టినా.
ఐదక్షరాల దాకా చెయ్యి బాగానే ఆడింది.
"ఏమీ" దగ్గర నిలబడిపోయింది.
చెక్కకముందు ఈ రాయి బుద్ధిగానే ఉండె,
కానీ వినాల్సిన మాట లేదు.
చెక్కినాక మాట ఉంటుంది,
దాన్ని విన్న రాయి ఉండదు.

పాలిష్ మిషను ఆపి దస్తగిరి వచ్చి చూసినాడు.
"దాందేముందన్నా, ఇది తప్ప అని చేర్చు."
ఇంకో నాలుగక్షరాలు. నలభై ఎనిమిది ఎవరిస్తారు?
అయినా తప్పు మన నోట్లోనే ఉందేమో.
రాయి అంటే ఆ వస్తువు.
రాయి అంటే దాని మీద నేను చెయ్యాల్సిన పని.
వద్దని చెప్పాలన్నా
రమ్మన్న పేరుతోనే పిలవాల.

దస్తగిరి భార్య మాబున్ని బట్టలుతికే బండ ఉంది,
పాలిష్‌కు పనికిరాదని గనోళ్లు పారేసింది.
దాని ఒంటి నిండా అలలు.
పోతా పోతా సముద్రం విప్పి పారేసిన కుచ్చిళ్లు.
ఎర్రగుంట్లలో సముద్రం!
నాలుగు దినాలకొకసారి ట్యాంకరొచ్చే వీధిలో
మేం బిందెలు పట్టుకొని కొట్లాడేది
సముద్రం అడుగున నిలబడి.
"దీన్నేమంటావు మాబున్నీ?" అంటే
చెంబెడు నీళ్లు ఒంపింది.
నీళ్లు ఒక రవ్వ తడబడి
పాత గాళ్లు పట్టుకొని పోయినాయి.
"ఏముందన్నా, అప్పుడు నీళ్లుండె. ఇప్పుడు ల్యా."

అప్పుడు. ఇప్పుడు.
ఆ రెండు మాటలూ మింగి చెబితేనే అది వింత.
వేరుశనగ చెట్టు వెలుతురులో పూస్తుంది,
ఊడ దింపి చీకట్లో కాస్తుంది.
తలకిందులని దాన్నెవరన్నా అడిగినారా,
అది ఎవరితోనన్నా పేచీ పెట్టుకుందా?
మన్నుకు చిక్కుముళ్లు లేవు, చిక్కంతా నాలుకదే
అనుకుంటా షెడ్డుకొచ్చి,
గుండె తేలికై, గబగబా ఇంకో ఐదు చెక్కినా.

పదోది అయ్యేసరికి కరెంటు పోయింది.
దుమ్ము ఊదుదామని వంగి, మసక వెలుతురులో చదివితే
రాయి నన్నే అడుగుతాంది:
ఈ రాతి మీద ఏమీ రాయరా?

చానాసేపు దాని ముందర గొంతుక్కూర్చున్నా.
మాబున్ని అప్పుడూ, ఇప్పుడూ
రెండూ తెచ్చి పక్కన పెట్టి చూసినా.
మొదటి దెబ్బ నుంచి ఇప్పటి దాకా
ఈ బండ సూటిగా పలికిన మాట ఇదొక్కటే,
అదీ పని సగంలో నిలిచిపోయినందుకు.

"దు" ఒక్కటి మిగిలింది.
పొద్దున వచ్చి చెక్కాల.
చెక్కుతా. దుడ్లు తీసుకున్నా గదా.